మా అత్త ఎండాకాలం సుట్టీ

మొన్న సోమవారం ఈ మరాఠీ ఊళ్ళో తెలుగువాళ్ళుండే మా దాజీ పేట్ ఆడవాళ్ళందరినీ సమాజం హాల్లో కూర్చోబెట్టి, ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన చిన్న డాక్టరమ్మ తలా ఒక కాగితం పంచింది. బీపీలు, షుగర్లు చూడడం అప్పటికే అయిపోయింది. చివరగా ఇంకొక్క చిన్న పని ఉందని మరాఠీలో చెప్పింది. ఈ ఎండాకాలం మీ విశ్రాంతి కోసం, మీ సంతోషం కోసం ఏం చేసుకోవాలనుకుంటున్నారో రాయండి, ఇంటి కోసం కాదు, మీ కోసం, అంది. రాయడం రానివాళ్ళకు రాసిపెట్టే బాధ్యత నా మీద పడింది. ముప్పై ఏళ్ళు తెలుగు ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని, ఇలాంటి చోట్ల నన్ను ఎవరూ ఊరికే కూర్చోనివ్వరు. ఒకామె గోధుమపాల వడియాలు పెడతానంది. ఇంకొకామె ఏడాదికి సరిపడా కారం కొట్టిస్తానంది. మూడో ఆమె చాలాసేపు పైకప్పు వంక చూసి, ఇంట్లో ఉన్న చద్దర్లన్నీ ఉతుకుతానంది. అది పని కదమ్మా, విశ్రాంతి ఎలా అవుతుందీ అని నేనంటే, "అన్ని ఉతికి ఆరేసినంక మనసు ఎంత హల్కా అయితదో నీకేం ఎర్క, టీచర్‌బాయీ" అని నన్నే దబాయించింది. అందరివీ రాసిపెట్టి, నా కాగితం దగ్గరికొచ్చేసరికి నాకూ ఏమీ తోచలేదు. పెన్ను మూసేసి కూర్చున్నాను. అప్పుడే మా అత్త గుర్తుకొచ్చింది. ఎవరూ కాగితం ఇవ్వకుండా, ఎవరూ అడగకుండా, ఆ ప్రశ్న తనకు తనే వేసుకుని జవాబు చెప్పుకున్న మనిషి నాకు తెలిసి ఆవిడొక్కతే.

మా అత్త బీడీలు చేసేది. ఎనిమిదేళ్ళ వయసులో తల్లి పక్కన కూర్చుని మొదలుపెట్టిందట. కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం వలస వచ్చిన కుటుంబం వాళ్ళది. మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీల మీద. నేను కోడలిగా వచ్చేసరికి ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు పవర్‌లూములు ఉండేవి. మా మామ, మా ఆయన వాటి మీద తువ్వాళ్ళు నేసేవాళ్ళు. ముందు అరుగు అత్తది. తడిపిన తునికాకు మూట ఎడమ పక్కన, ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తెర. మగ్గాల చప్పుడులో వినపడాలి కాబట్టి మా ఇంట్లో అందరూ గట్టిగానే మాట్లాడేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో ఆవిడ నన్ను రోజంతా తిడుతోందనుకుని నేను వంటింట్లో ఏడ్చేదాన్ని. ఉప్పు డబ్బా ఎక్కడుందో అడుగుతోందని తెలియడానికి నాకు నెలరోజులు పట్టింది. ఆ తర్వాత అదే గొంతు నాకూ వచ్చేసి, బడిలో నేను పద్యం చెప్పినా పిల్లలు భయపడేవాళ్ళు.

ఆవిడ చాట దించి కూర్చోవడం నేను చూసింది తక్కువ. అన్నం తినేటప్పుడు, స్నానానికి లేచినప్పుడు, నాలుగు రోజులకోసారి వచ్చే నల్లా నీళ్ళు పట్టేటప్పుడు. పండగ రోజు కూడా పొద్దున పూజ అయ్యాక, "జర నాలుగు కట్టలు చేస్త" అంటూ అరుగు మీదికి పోయేది. నాకేమో ఏటా ఎండాకాలం నెలా పదిహేను రోజులు సెలవులు. ఆ సెలవుల్లో నేను ఫ్యాను కింద పడుకుని నిద్రపోతుంటే గుమ్మం అవతల ఆవిడ కత్తెర చప్పుడు వినిపిస్తూనే ఉండేది. అలా ఇరవై ఏళ్ళు. ఆ చప్పుడుకి నాకు నిద్ర బాగా పట్టేదని ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఆవిడకు అరవై దగ్గర పడుతున్నప్పుడు, ఒక ఫాల్గుణ మాసంలో, కుడిచేతి బొటనవేలు వంగడం మానేసింది. దవాఖానాకు నేనే తీసుకుపోయాను. డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి చూసి, మందులు రాస్తూ, "మీరు విశ్రాంతి ఎప్పుడు తీసుకుంటారు?" అని మామూలుగా అడిగాడు. అత్త నిజంగానే ఆలోచనలో పడింది. ఆయన చీటీ రాయడం ముగించి, తర్వాతి మనిషిని పిలిచి, ఆమెతో మాట్లాడడం మొదలుపెట్టినా కూడా ఈవిడ బల్ల ముందు కూర్చుని ఆలోచిస్తూనే ఉంది. నేను చెయ్యి పట్టి లేపాను. ఆటోలో వస్తుంటే కుంఠా నాకా చౌరస్తా దాటాక హఠాత్తుగా నా వైపు తిరిగింది.

"నీకు ఏటా సుట్టీ ఉంటది గదనే?"

ఇక్కడ మేమంతా సెలవును సుట్టీ అనే అంటాం. ఉంటుందన్నాను.

"మరి నాకెందుకు లేదు?"

"అత్తమ్మా, నాది సర్కారు ఇచ్చే సుట్టీ."

ఆవిడ వంగని వేలి వంక చూసుకుంది. "బరం, సరే. నాకు నేనే సర్కారు" అంది.

మర్నాడు పొద్దున అందరం చాయ్ తాగుతుండగా ప్రకటన వెలువడింది. బొటనవేలు సహకరించదు కాబట్టి చిటికెన వేలి నుంచి లెక్కపెట్టింది. ఒకటి, ఈ ఎండాకాలం బీడీలు పొద్దుటిపూట మాత్రమే చేస్తుంది. పగలు అన్నం తిన్నాక మూడు గంటల దాకా పడుకుంటుంది. రెండు, ఇంట్లోకొచ్చే మొదటి మామిడిపండు తనే తింటుంది, అదీ పూర్తిగా, ఎవరికీ ముక్క పెట్టకుండా. ఎందుకంటే ఇన్నేళ్ళూ అందరికీ రసం తీసిపెట్టి ఆవిడకు మిగిలినవి టెంకలే. మూడో వేలు పట్టుకుని ఆగిపోయింది. "ఇది తర్వాత చెప్త" అంది. మా మామ చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని ఆవిడను చాలాసేపు చూశాడు. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "తబియత్ బరాబర్ లేదా నీకు?"

అదే మాట ఆ తర్వాత వీధంతా అడిగింది. చైత్రం మొదట్లో, మొదటి రోజు మధ్యాహ్నం ఆవిడ ముందు గదిలో చాప పరుచుకుని పడుకుంది. అరుగు ఖాళీగా కనిపించేసరికి ఎదురింటి ఆమె వచ్చింది. పగటిపూట పడుకున్న మనిషిని చూసి కంగారు పడి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. కాసేపటికి పక్కింటామె నిమ్మకాయ పట్టుకొచ్చి దిష్టి తీసింది. మూడో ఆమె నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, డాక్టరు ఏం చెప్పాడో నిజం చెప్పమని గుసగుసగా అడిగింది. సాయంత్రానికి మా అత్తకు ఏదో పెద్ద జబ్బే వచ్చిందని వీధి తేల్చేసింది. అత్త లేచి కూర్చుని, గుమ్మంలోకి వచ్చి, మగ్గాల చప్పుడును మించిన గొంతుతో చెప్పింది: "నాకేం గాలే! సుట్టీ తీసుకున్న!" ఎవరూ నమ్మలేదు. కారఖానాలో బీడీలు లెక్కచూసుకునే మునీం ఒక్కడే నమ్మినట్టున్నాడు, రోజూ తెచ్చేదాంట్లో సగమే తెస్తుంటే సణిగాడట. ముప్పై ఏళ్ళలో నా ఒక్క కట్ట తీసిపారేసినవా అని అడిగితే తెచ్చినన్ని లెక్క రాసుకున్నాడట.

పడుకోవడం అంత తేలిక కాలేదు. రేకుల కప్పు కింద వేడి సంగతి అలా ఉంచితే, ఆవిడ చేతులకు నిద్ర రాలేదు. కళ్ళు మూసుకుని పడుకున్నా, వేళ్ళు చీర కొంగు అంచును చుడుతూ ఉండేవి. చుట్టడం, మడవడం, మళ్ళీ చుట్టడం. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతుండేది. అది చూసి మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు, నాయనమ్మ పక్కన పడుకుని ఆ చెయ్యి తన చేతుల్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. వారం రోజులకు ఆ కదలిక కొంచెం తగ్గింది.

మామిడిపండు సంగతి మామ స్వయంగా చూసుకున్నాడు. మార్కెట్లోకి పండ్లు దిగిన రోజే ఒక్కటంటే ఒక్కటి కొనుక్కొచ్చి, లుంగీతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని, మెత్తగా నలిపి, తొడిమ కొరికేసి చీకడం మొదలుపెట్టింది. రసం మోచేతి దాకా కారింది. సగం అయ్యాక ఆగి మా అమ్మాయి వంక చూసింది. అది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వద్దని తల ఊపింది. అత్త మిగతా సగం కూడా తినేసింది. బాగుందా అని అడిగాను. "పులుపున్నది జర. అయినా మంచిగున్నది" అంది.

ఇంతవరకు బాగానే ఉంది. పాడుచేసింది నేను. వైశాఖంలో అప్పడాల పని పెట్టుకున్నాను. మినప్పిండి కలిపి, నూనె రాసి దంచి ఉంచాలి. అది ఆరిపోకముందే వత్తాలి. పిండి పదును చూడడం మా అత్తకు వచ్చినట్టు వీధిలో ఇంకెవరికీ రాదు. మధ్యాహ్నం రెండింటికి ఆరుగురు ఆడవాళ్ళు పీటలు, కర్రలు పట్టుకుని వచ్చేశారు. పిండి చూస్తే గట్టిపడుతోంది. ముందు గదిలో అత్త నిద్రపోతోంది. ఆ రోజు నిజంగానే నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చేతులు కదలడం లేదు. నేను గుమ్మంలో ఒక నిమిషం నిలబడ్డాను. తర్వాత వంగి, భుజం మీద తట్టి, "అత్తమ్మా, జర లేస్తవా, పాపడాల పిండి పాడైతుంది" అన్నాను.

ఆవిడ లేచింది. ముఖం కడుక్కుని, పిండి నలిపి, నీళ్ళు చిలకరించి, రోకలితో దంచింది. సాయంత్రం దాకా అందరికంటే వేగంగా అప్పడాలు వత్తింది. నలుగురితో పాటు నవ్వింది కూడా. మర్నాడు పొద్దున నేను లేచేసరికి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, సంచి సర్దుకుని కూర్చుని ఉంది.

"నేను తల్లిగారింటికి పోత" అంది.

మా మామ, మా ఆయన, నేను ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆవిడకు తల్లిగారిల్లు లేదు. తల్లీ తండ్రీ పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క అన్నా పోయాడు. ఆయన పిల్లలు భివండిలో మగ్గాల మీద పని చేసుకుంటున్నారు, వాళ్ళతో రాకపోకలు లేవు. ఎక్కడికి అని మామ అడిగితే, "కోడలు ఇడిసిపెట్టి వస్తది, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. ఆటో ఎక్కాక డ్రైవరుకు ఆవిడే చెప్పింది: "విడీ ఘర్కుల్ పోనియ్యి."

అప్పుడు అర్థమైంది నాకు. విడీ ఘర్కుల్ బీడీలు చేసే ఆడవాళ్ళ కోసం ఊరి చివర కట్టిన కాలనీ. మా అత్త స్నేహితురాలు అక్కడ ఉంటుంది. మా ఇంట్లో అందరూ ఆమెను చిన్నమ్మ అనేవాళ్ళు, నేను చిన్నత్త అనేదాన్ని, చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళు ఇద్దరూ మా అరుగు మీదే ఎదురెదురుగా కూర్చుని బీడీలు చేశారు. ఒకరి పిల్లలకు ఇంకొకరు పాలిచ్చారు. తర్వాత చిన్నత్తకు కాలనీలో సొంతిల్లు వచ్చింది. వెళ్ళే రోజు సామాను టెంపోలో వేసుకుని, చెప్పిపోదామని మా ఇంటి ముందుకొచ్చి పిలిచిందట. అత్త బయటికి రాలేదట. నేను బడిలో ఉన్నాను, సాయంత్రం పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ రోజు నుంచి పన్నెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ళ ఇంట్లో పెళ్ళికి మా మామ ఒక్కడే వెళ్ళొచ్చాడు.

ఆటోలో నేను ధైర్యం చేసుకుని అడిగాను. "నిద్రల లేపిననని కోపమొచ్చిందా అత్తమ్మా?"

"కోపం గాదే" అంది. "నువ్వు లేపితె సమజైంది. ఆ ఇంట్ల ఎవలో ఒకలు లేపుతనే ఉంటరు. నువ్వు లేపకుంటె నేనే లేస్త. ఆ ఇంట్ల నాకు నిద్ర లేదు." కొంచెం ఆగి, "ఇదే నా మూడోది. ఎప్పుడు పోవాలె అని సోంచాయిస్తున్న. నిన్న ఖరారు చేసిన" అంది.

కాలనీలో ఇళ్ళన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఇద్దరు ముగ్గురిని అడిగి చేరుకున్నాం. చిన్నత్త గుమ్మంలో చాట పెట్టుకుని కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. తలెత్తి చూసింది, మళ్ళీ దించుకుంది. చేతిలో ఉన్న బీడీ చుట్టడం పూర్తిచేసి, దారం కట్టి, చాటలో వేసింది. ఇంకో ఆకు తీసుకుంది.

"దారి తప్పినవా అక్కా?" అంది, ఆకు వంక చూస్తూనే.

"లే. తల్లిగారింటికి వచ్చిన."

"మీ అమ్మ పోయి ముప్పై ఏండ్లాయె."

"అందుకే నీ తానకు వచ్చిన. ఇంకెక్కడికి పోవాలె నేను?"

చిన్నత్త చేతిలో ఆకు చిరిగిపోయింది. దాన్ని పక్కన పడేసింది. "ఆ దినం సామానంత టెంపోల ఏసి నీ దర్వాజ ముంగట ఎంతసేపు నిలవడ్డనో ఎర్కనా నీకు?"

"ఎర్కే. కిడికీల కెళ్ళి చూస్తనే ఉన్న."

"చూస్తనే ఉన్నవా!" ఆమె గొంతు పెరిగింది. "చూస్త ఉండి, బయటికి ఎందుకు రాలే?"

"వస్తె ఏడుస్తుంటి. నేను ఏడిస్తె నువ్వు పోకపోతుంటివి. సొంతిల్లు దొరికిన మనిషిని పోవద్దంటనా నేను?" అత్త సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత, నేను ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అంది: "అదొక్కటే గాదు. కోపం గూడ ఉండె. అబద్ధమెందుకు. నన్ను ఒక్కదాన్ని అరుగు మీద ఇడిసిపెట్టి పోతున్నవని ఉండె."

ఎండ నెత్తిన పడుతోంది. చిన్నత్త చాట దించి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచి, అత్త చేతిలోంచి సంచి లాక్కుంది. లాక్కున్నాక ఏడ్చింది. అత్త కూడా ఏడ్చింది. నేను అక్కడే ఉన్నానని ఇద్దరికీ గుర్తులేదు. చివరికి చిన్నత్త లోపలికి తిరిగి తన కోడలితో, "టీచరమ్మ ఎండల నిలవడ్డది, నీళ్ళియ్యి" అని కేకేసింది.

ఇంట్లో ఆ తర్వాతి రోజులు అస్తవ్యస్తంగా గడిచాయి. ఏడాది కారం ఎక్కడ దాచిందో కూడా ఆవిడకే తెలుసని అప్పుడే తెలిసింది. మామ రోజూ పొద్దున జొన్నరొట్టె, పల్లీల శేంగా చట్నీ తింటూ, "ఎప్పుడొస్తదట?" అని అడిగేవాడు, పోయిన కరెంటు గురించి అడిగినట్టు. ఖాళీ అరుగు పక్క నుంచి షెడ్డులోకి వెళ్ళేటప్పుడు తల తిప్పుకునేవాడు. తొమ్మిదో రోజు నన్ను పిలిచి, "నువ్వు పోయి చూసిరా బిడ్డా. రమ్మని పిలవకు. ఊరికెనే చూసిరా" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక చేరాను. తలుపు వారగా తీసి ఉంది. లోపల ఒకే చాప మీద ఇద్దరూ అటొకరు ఇటొకరు తిరిగి పడుకుని ఉన్నారు. చిన్నత్త చాట గోడకు నిలబెట్టి ఉంది. మా అత్త కుడిచెయ్యి చాప అంచు దాటి గచ్చు మీద వెల్లకిలా పడి ఉంది. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి, కదలడం లేదు. అక్కడ మగ్గాలు లేవు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, వాళ్ళిద్దరి గురకలు, అంతే. నేను చెప్పులు విడిచి గడపలో కూర్చున్నాను. చదవడానికి పుస్తకం లేదు, చేతిలో పని లేదు. మొదట ఎంత సేపు కూర్చోవాలా అని చిరాకు పుట్టింది. కాసేపటికి అదీ పోయింది. ఎదురింటి గోడ నీడ ఇటువైపు జరగడం చూస్తూ కూర్చున్నాను. నాలుగింటికి చిన్నత్త కళ్ళు తెరిచి నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినవే? లేపద్దా?"

"లేపద్దనే కూసున్న చిన్నత్తా" అన్నాను.

అత్త నిద్రలోంచి పూర్తిగా బయటికి రాకుండానే, "మంచిగ చేసినవ్" అంది. మామ ఎలా ఉన్నాడని అడిగింది. బాగున్నాడన్నాను. రమ్మనలేదా అని అడిగింది. రమ్మనవద్దన్నాడని చెప్పాను. ఆవిడ నవ్వి, ఇంకో ఆరు రోజులు ఉండి వచ్చింది.

బొటనవేలు పూర్తిగా నయం కాలేదు. వానలు పడ్డాక మళ్ళీ అరుగు మీద కూర్చుంది, కానీ ముందులా చీకటి పడేదాకా కాదు. మరుసటి ఏడాది ఎండాకాలం చిన్నత్తే మా ఇంటికి వచ్చింది. మగ్గాల చప్పుడుకి నిద్ర పట్టడం లేదని పదిహేను రోజులూ ఫిర్యాదు చేస్తూ, పదిహేను రోజులూ నిద్రపోయింది. వాళ్ళున్నంత కాలం మధ్యాహ్నం ఆ గదిలోకి నేనూ వెళ్ళలేదు, ఎవరినీ వెళ్ళనివ్వలేదు. ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ, అలా ఐదు ఎండాకాలాలు గడిచాయి. ఆరో ఎండాకాలం రాకముందే అత్త పోయింది. చిన్నత్త వచ్చి, పాడె కట్టేదాకా ఆ కుడిచెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది.

ఐదు ఎండాకాలాలు, ఏడాదికి పదిహేను రోజులు. నలభై ఏళ్ళ స్నేహంలో చేతుల్లో పని లేకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాళ్ళు గడిపింది అన్నీ కలిపి రెండున్నర నెలలు. చివరి రోజుల్లో మంచం మీద ఉండి అత్త చెప్పిన కబుర్లన్నీ ఆ రెండున్నర నెలలవే. మిగతా ఏళ్ళ సంగతి అడిగితే, అవి ఎప్పుడు పోయినయో నాకు ఎర్క లేదు బిడ్డా, అనేది.